సగంలో ఆగిన భవనాలు ఎవరి బాధ్యత?

సంపాదకులు గారికి,

విజయవాడ, గుంటూరు నగరాల్లోనూ, వాటి మధ్యనున్న తాడేపల్లి, మంగళగిరి పరిసరాల్లోనూ పిల్లర్లు లేచి, స్లాబులు పడి, గోడలు కట్టకుండానే ఏళ్ల తరబడి ఆగిపోయిన అపార్టుమెంట్ల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వార్తలు వస్తున్నాయి. బిల్డరు చేతులెత్తేయడం, డబ్బు కట్టినవారు రోడ్డెక్కడం, పోలీసు స్టేషనులో ఫిర్యాదు, ఇవన్నీ ఆ వార్తల్లో ఉంటాయి. ఆ భవనానికి ప్లాను మంజూరు చేసిన స్థానిక సంస్థ మాత్రం ఎక్కడా కనిపించదు. ఇది పాత్రికేయుల లోపం కాదు. పని ఆగిపోయిన భవనంతో తమకు సంబంధం లేదన్నట్టు టౌన్ ప్లానింగ్ విభాగాలు నడుచుకోవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. ప్లాను ఇచ్చిన సంస్థే ఆగిన భవనం బాధ్యతను కూడా మోయాలనీ, అందుకు కావలసిన అధికారాల్లో చాలా భాగం దానికి ఇప్పటికే ఉన్నాయనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. నిర్మాణ రంగంలో ఇంజనీరుగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక కాంక్రీటు సంగతి కూడా కొంత చెప్పగలను.

రెండు నగరాలకూ వర్తించే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కమిషనరుకు ఇచ్చిన అధికారాలు చిన్నవి కావు. అనుమతి లేకుండా కట్టినా, మంజూరైన ప్లానును దాటి కట్టినా 452వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, అప్పటికీ దారికి రాకపోతే 636వ సెక్షన్ ఆధారంగా తన సిబ్బందితోనే పని చేయించి ఆ ఖర్చును సంబంధిత వ్యక్తి నుంచి రాబట్టుకోవచ్చు. కూలే స్థితిలో ఉన్న కట్టడాల విషయంలో చర్య తీసుకోవడానికి 456వ సెక్షన్ ఉంది. వానాకాలం రాబోతోందనగానే పాత డాబాలకూ పెంకుటిళ్లకూ నోటీసులు అంటించడం మనం చూస్తూనే ఉంటాం. అయితే కడుతూ కడుతూ ఆపేసిన కొత్త భవనం అటు ప్లాను దాటిన డీవియేషనూ కాదు, ఇటు శిథిలమూ కాదు. కట్టకూడనిది కట్టినవాడి మీదికి నోటీసు వస్తుంది. కడతానని అనుమతి తీసుకుని సగంలో వదిలేసినవాడి మీదికి రాదు. బాల్కనీని రెండడుగులు ముందుకు జరిపినవాడి గుమ్మం ముందు నిలబడే ఉద్యోగి, అదే వీధిలో అయిదంతస్తుల స్లాబులు ఎండకు ఎండి వానకు తడుస్తుంటే తలెత్తి చూడడు. చూసినా ఏ సెక్షన్ కింద రాసుకోవాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అనుమతి పత్రంలో పని ముగించవలసిన గడువు ఉంటుంది. గడువు దాటితే రెన్యువల్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే అనుమతి చెల్లదు. అక్కడితో ఫైలు మూతపడుతుంది, అప్పటిదాకా లేచిన కట్టడం మాత్రం అక్కడే ఉంటుంది.

ఇలా ఉండిపోవడం ఎంత ప్రమాదమో దూరం నుంచి చూసేవారికి తెలియదు. నేను ఉండే ప్రాంతంలోనే అటువంటి భవనం ఒకటి ఉంది. నాలుగో స్లాబు వేసి వదిలేశారు. పై అంతస్తు కోసం పిల్లర్ల మీద నిలిపిన చువ్వలకు కనీసం సిమెంటు పాలైనా పూయలేదు; గోటితో గీకితే తుప్పు పెచ్చులుగా రాలుతోంది, వాన నీటితో కారి పిల్లరు ముఖాల మీద ఎర్రటి చారలు కట్టింది. లిఫ్టు కోసం వదిలిన ఖాళీకి ఏ అంతస్తులోనూ అడ్డు లేదు. సెల్లారులో ఏడాదిలో సగం రోజులు నీళ్లుంటాయి, ఎందుకంటే బందరు, రైవస్, ఏలూరు కాలువలు పారే ఊళ్లో భూగర్భ జలం పైపైనే ఉంటుంది, కాలువలకు నీళ్లు వదిలాక ఊట ఇంకా పెరుగుతుంది. తోడే మోటారు లేని సెల్లారు దోమలకు చెరువే. పక్కింటివారి ప్రహరీ ఆ గోతివైపు ఒరిగి, దాని మీద వాళ్లు సిమెంటుతో పూడ్చిన బీటలు మళ్లీ విచ్చుకున్నాయి. కింద అంతస్తులో కాపలా కుటుంబం ఒకటి ఇంకా ఉంటోంది. జీతం ఇచ్చే మనిషి లేకపోయినా, పోవడానికి మరో చోటు లేక. ఆ పిల్లలు ఆడుకునేది ఆ లిఫ్టు గుంత పక్కనే.

2016 మే నెలలో గుంటూరు లక్ష్మీపురంలో భవనం కోసం తవ్విన లోతైన గోతిలో మట్టి విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. అది పని నడుస్తున్న చోటు, అక్కడ చూసుకునేవారు ఉన్నారు. పని ఆగి, చూసుకునేవారే లేని గోతుల సంగతి వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు సెల్లారులో నీళ్లు నిలవడమంటే ఏమిటో విజయవాడలో చాలామందికి అనుభవమైంది. నివాసముండేవారు మోటార్లు పెట్టి తోడుకున్నారు. ఎవరూ ఉండని భవనంలో తోడేదెవరు?

ఈ భవనాలన్నీ మోసగాళ్లవే అనడం మాత్రం న్యాయం కాదు. 2014 తర్వాత రాజధాని మన రెండు నగరాల మధ్యకు వస్తుందనగానే స్థలాల ధరలు ఆకాశాన్నంటాయి, అనుభవం ఉన్నవారూ లేనివారూ అపార్టుమెంట్లకు దిగారు. 2019లో రాజధాని మీద అనిశ్చితి వచ్చింది. అదే ఏడాది ఇసుక దొరక్క నెలల తరబడి మేస్త్రీలు, సెంట్రింగ్ కూలీలు పనుల్లేక కూర్చున్నారు. మరుసటి ఏడాది కోవిడ్. అమ్ముడుపోని ఫ్లాట్ల మీద వడ్డీ పెరిగి నిజాయతీగల చిన్న బిల్డర్లు కూడా కుప్పకూలారు. అయితే ఒక భవనంలో వసూలు చేసిన డబ్బుతో మరో చోట స్థలానికి అడ్వాన్సు ఇచ్చినవారూ వారి మధ్యనే ఉన్నారు. ఎవరు ఏ కోవకు చెందుతారో తేల్చేది విచారణ. భవనం ప్రమాదకరంగా ఉందా లేదా అన్నది ఆ విచారణ ముగిసేదాకా ఆగవలసిన ప్రశ్న కాదు.

‘దానికి రెరా ఉంది కదా’ అని చాలామంది అధికారులు, న్యాయవాదులు కూడా అంటుంటారు. రెరా అంటే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం; అది గొప్ప మేలు చేసింది, కాదనను. కొన్నవారి నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలన్నది, గడువుకు ఇవ్వకపోతే వడ్డీతో తిరిగి చెల్లించాలన్నది, ఆ బకాయిని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయవచ్చన్నది అంతకు ముందు మనకు లేని రక్షణలు. కానీ ఆ చట్టం 3వ సెక్షన్ చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్ల సంఖ్య ఎనిమిది దాటకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో పాత ఇల్లు పడగొట్టి, ఫ్లాట్లలో వాటా కోసం బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చే స్థలాలు ఎన్ని గజాలుంటాయో ఆ వీధుల్లో తిరిగినవారికి తెలుసు. మూడు వందలు, నాలుగు వందల గజాల్లో లేచే గ్రూపు హౌసు రెరా పరిధిలోకే రాదు. మన నగరాల్లో మధ్యతరగతి కొనుక్కునేవి ఎక్కువగా ఆ ఫ్లాట్లే. వాటి విషయంలో ప్లాను ఇచ్చిన స్థానిక సంస్థ తప్ప అడిగే నాథుడు లేడు.

రెరా పరిధిలోకి వచ్చే పెద్ద ప్రాజెక్టుల్లోనైనా స్థానిక సంస్థ పాత్ర ముగిసిపోలేదు. ఆ చట్టం 8వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ గడువు ముగిసినా, రద్దయినా, మిగిలిన పనిని ఎలా పూర్తి చేయించాలో ఆ చట్టం అమలు చూసే రెరా సంస్థ ప్రభుత్వాన్ని సంప్రదించి నిర్ణయించవచ్చు. పూర్తి చేసేది ‘సమర్థ అధికార సంస్థ’ కావచ్చు, కొనుగోలుదారుల సంఘం కావచ్చు, మరో పద్ధతిలోనైనా కావచ్చు. రద్దయిన సందర్భంలో మొదటి అవకాశం కొనుగోలుదారుల సంఘానిదే. ఆ సమర్థ అధికార సంస్థ ఎవరు అంటే, అభివృద్ధికి అనుమతులిచ్చే స్థానిక సంస్థేనని నిర్వచనాల సెక్షనులోనే ఉంది. అంటే విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థలు, వాటి పరిధి దాటితే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అయిన సీఆర్‌డీఏ. 2019 జులైలో ఆమ్రపాలి కేసులో సుప్రీంకోర్టు బిల్డరు రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన నిర్మాణాన్ని ఎన్‌బీసీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లోని కొనుగోలుదారులు అందుకోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. మన ఊరి ముప్పై ఫ్లాట్ల భవనానికి అంత దూరం వెళ్లే శక్తి ఎవరికుంటుంది? దేశం మొత్తం మీద ఇలా నిలిచిపోయిన ఇళ్లు సుమారు 4.12 లక్షలని బ్యాంకుల సంఘం వేసిన అంచనాను 2023లో కేంద్రం వేసిన అమితాబ్ కాంత్ కమిటీ ఉటంకించింది. ఆ చర్చంతా ఢిల్లీ పరిసరాల చుట్టూనే తిరిగింది. చిన్న నగరాల చిన్న భవనాలు అటువంటి లెక్కల్లో కనిపించవు.

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో చూడటం మంచిదే కానీ, చూసి అలాగే దించుకోవడం ప్రమాదం. ఇంగ్లండులో 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం 94వ సెక్షన్ కింద, మొదలుపెట్టిన నిర్మాణం తగిన కాలంలో పూర్తికాదని స్థానిక ప్రణాళికా సంస్థ భావిస్తే ‘పూర్తి చేయాలి’ అనే నోటీసు ఇస్తుంది. కనీసం పన్నెండు నెలల గడువిచ్చి, ఆలోగా ముగించకపోతే అనుమతి రద్దవుతుందని చెబుతుంది. ఈ నోటీసు అమలులోకి రావాలంటే మంత్రి ఆమోదం కావాలి. ఆ మెట్టును తొలగించే ఏర్పాటుతో 2023లో కొత్త చట్టం చేశారు. వినడానికి బాగానే ఉంది. అయితే అప్పటిదాకా కట్టిన భాగం చట్టబద్ధంగానే మిగులుతుంది, మిగతాది కట్టే హక్కు మాత్రమే పోతుంది. అంటే ఆ నోటీసు బిల్డరును భయపెట్టగలదు గానీ భవనాన్ని పూర్తి చేయలేదు. మన దగ్గర అది మరీ తలకిందులవుతుంది. ఇక్కడ ఫ్లాటు కొన్నవారు స్లాబు దశలోనే సెమీ ఫినిష్డ్‌గా రిజిస్ట్రేషన్ చేయించుకుని, బ్యాంకు రుణం తీసుకుని, ఒకవైపు వాయిదాలు, మరోవైపు ఇంటి అద్దె కడుతుంటారు. అనుమతి రద్దు చేస్తే బిల్డరుకు పోయేదేమీ లేదు, నష్టపోయేది వీరే. నాకు నచ్చింది ఆ 1990 చట్టంలోనే ఉన్న 215వ సెక్షన్. స్థలం గాని కట్టడం గాని పరిసరాలను చెడగొట్టే స్థితిలో ఉంటే, దాన్ని చక్కదిద్దమని ఆదేశించే అధికారం స్థానిక సంస్థకు ఇస్తుంది. అనుమతి ఉందా, గడువు ముగిసిందా అన్న ప్రశ్నతో దానికి నిమిత్తం లేదు. కంటికి కనిపించే స్థితే దానికి ఆధారం.

నోటీసు ఎవరికి ఇవ్వాలన్నది మన దగ్గర మరీ చిక్కైన విషయం, దీని మీద చర్చ జరగడం లేదు. డెవలప్‌మెంటు ఒప్పందంలో ప్లాను చాలాసార్లు స్థల యజమాని పేరుతోనే వస్తుంది. బిల్డరు చేతిలో ఉండేది యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం, అంటే జీపీఏ. పనాగిన నాటికి బిల్డరు తన వాటా ఫ్లాట్లను అమ్ముకుని ఉండవచ్చు, వాటితో పాటు స్థలంలో అవిభక్త వాటా కొనుగోలుదారుల పేరున రిజిస్టరై ఉంటుంది. ఇప్పుడు ‘యజమాని’ పేరుతో నోటీసు పంపితే అది చేరేది ఉన్న ఒక్క ఇల్లు పడగొట్టుకుని అద్దె ఇంట్లో ఉంటున్న పెద్దాయనకు, అప్పు చేసి వాయిదాలు కడుతున్న ఉద్యోగికి. ఫ్లాట్లు అమ్మి డబ్బు తీసుకున్న బిల్డరు కాగితం మీద యజమానే కాడు. పాత చట్టం సొంతానికి ఇల్లు కట్టుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినది కాబట్టి యజమానినే బాధ్యుణ్ణి చేసింది. నిబంధనలను సవరించేటప్పుడు, అనుమతి దరఖాస్తులోనే బిల్డరు వివరాలు, ఒప్పందం నకలు తీసుకుని, పని ఆగితే మొదటి నోటీసు, మొదటి ఖర్చు అతనివే అని రాయాలి. అతనికి మరో చోట కొత్త ప్లాను ఇచ్చే ముందు పాత భవనం సంగతి అడగాలి. ఒక నగరంలో పని ఎగ్గొట్టి, కృష్ణ మీది వారధి దాటి అవతలి ఊళ్లో కొత్త బోర్డు పెట్టడం మనకు తెలియనిది కాదు.

తనఖా సంగతి కూడా ఆలోచించవలసినదే. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసే సంస్థకు తనఖా పెట్టించాయి. భవనంలో నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక విడిపిస్తారు. ప్లాను దాటకుండా ఉండేందుకు ఉద్దేశించినది అది. ఆగిన భవనంలో మాత్రం అది ఎవరికీ అక్కరకు రాని తాళంగా మిగులుతోంది: స్థానిక సంస్థ దాన్ని వాడదు, కొనుగోలుదారులు సంఘంగా ఏర్పడి పని ముగించుకుందామన్నా ఆ ఫ్లాట్లను అమ్మి డబ్బు తెచ్చుకోలేరు. అలా తనఖాలో ఉన్న భవనాల విషయంలో, సెల్లారు నీళ్లు తోడించడానికి, లిఫ్టు గుంతలు మూయించడానికి, పక్క ఇళ్లకు దన్ను కట్టించడానికి అయ్యే ఖర్చుకు ఆ వాటాను హామీగా వాడుకునే వీలు, కొనుగోలుదారుల సంఘం ముందుకొస్తే పూర్తి చేయడం కోసం విడుదల చేసే వీలు కల్పించాలి. దీనికి నిబంధనల సవరణ తప్పదు.

పటుత్వ పరీక్ష గురించి ఒక మాట. చాలాకాలం బయట నిలిచిన కట్టడం మీద నేరుగా మరో అంతస్తు లేపడం ఆత్మహత్యతో సమానం. చువ్వల తుప్పు దులిపి మిగిలిన మందం కొలవాలి, కాంక్రీటుకు హామరు పరీక్ష, ధ్వని తరంగ పరీక్ష చేయాలి, అనుమానం ఉన్నచోట కాంక్రీటు ముక్కను (కోరు) తొలిచి తీసి నలిపి చూడాలి. నీళ్లలో నానిన పునాదిని ప్రత్యేకంగా చూడాలి. అమరావతిలో 2019లో ఆగిపోయిన సచివాలయం, అధికారుల నివాసాల విషయంలో ప్రభుత్వం ఇదే చేసింది. 2024లో ఐఐటీ మద్రాసు, ఐఐటీ హైదరాబాదు నిపుణులను పిలిపించి పరిశీలింపజేశాకే మళ్లీ పనికి దిగింది. తన భవనాలకు అవసరమనుకున్న జాగ్రత్తను పౌరుల భవనాలకు కూడా తప్పనిసరి చేయడంలో అభ్యంతరం ఏముంటుంది? గడువు ముగిశాక రెన్యువల్ కోరేవారు పటుత్వ నివేదిక జతచేయాలన్న షరతు పెడితే సరిపోతుంది. మన రెండు నగరాల్లోనూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. పరీక్షల పరికరాలున్న కాలేజీలతో ఫీజు నిర్ణయించుకోవచ్చు.

సిబ్బంది చాలరు అన్న జవాబు వస్తుందని తెలుసు. టౌన్ ప్లానింగ్‌లో ఖాళీలు ఉన్నమాట నిజమే. అయితే 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్, రెగ్యులేషన్ కార్యదర్శులు ఉన్నారు, తమ వార్డులో ఏ భవనం ఆగిందో వారికి కళ్లకు కట్టినట్టు తెలుసు. అనుమతులన్నీ కొన్నేళ్లుగా ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నారు. గడువు ముగిసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాని ప్లాన్ల జాబితా ఆ వ్యవస్థలోనే ఉంటుంది, వెలికి తీయడమే తరువాయి. ఆ జాబితాను వార్డు కార్యదర్శులు భవనాలతో సరిచూసి, సెల్లారు నీళ్లు, తెరిచిన గుంతలు, బయటపడిన చువ్వలు, పక్క ఇళ్ల బీటలు ఒక ఫారంలో నమోదు చేస్తే, ఏ భవనానికి ముందు కంచె వేయించాలో, ఎవరిని పిలిచి మాట్లాడాలో తేలుతుంది. దీనికి చట్టం మార్చనక్కరలేదు, కమిషనరు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. రెరా పరిధిలోని ప్రాజెక్టులను విడదీసి, 8వ సెక్షన్ కింద తాము చేయగలిగింది ఏమిటో అదే సర్క్యులర్ ఆధారంగా రెరా సంస్థకు రాయవచ్చు.

విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థల కమిషనర్లు, మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థ, సీఆర్‌డీఏ అధికారులు తమ తమ పరిధిలో ఆగిపోయిన భవనాల జాబితాను వచ్చే వానాకాలానికి ముందే వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద, తమ వెబ్‌సైట్లలో పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందులో ప్లాను నంబరు, గడువు ముగిసిన తేదీ, బిల్డరు పేరు, రెరా రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఉండాలి. ఆ బిల్డరు దగ్గరే మరో ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వబోయే మనిషి ఆ జాబితాను ముందుగా చూసుకునే వీలుండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
పటమట, విజయవాడ